వల తాడుతో కట్టిన కమాను

కోడూరు చెరువుల రొయ్యలను మా ఆయన మా పాత లారీలో బందరు తోలేవాడు. ఐసు కరిగిన ఉప్పునీళ్లు కారి కారి వెనక చక్రం మీద బండి బరువు మోసే కమాను కట్ట తుప్పు పట్టింది. ఒక రోజు అందులో ఓ ప్లేటు విరిగింది. గుడివాడ మేస్త్రీ వారం ఆగమన్నాడు. రొయ్యలు ఆగవు కదా, ఇంటి దగ్గరే విప్పుదామని ఆయన పూనుకున్నాడు. బండి నడిపేది ఆయనొక్కడే. ఆ చేతుల మీదే మా ఇల్లు నడిచేది.

ఆయనకు పని తెలుసు. మా నేల మెత్తన, జాకీ దిగబడుతుంది. అందుకని అడుగున చెక్కలు పరిచి బండిని లేపాడు. తాటి మొద్దులు పెట్టి బరువంతా వాటి మీదికి దించాకే చక్రం ఊడదీశాడు. నా తమ్ముడు సాయం పట్టగా కట్టను వాకిట్లోకి లాగారు.

కట్టంటే వంచిన ఇనప ప్లేట్లను ఒకదానిమీద ఒకటి పేర్చి, నడుమ ఒక బోల్టుతో బిగించింది. ఆ బోల్టు ఊడితే ప్లేట్లు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ముందు దానికి అటూ ఇటూ ప్లేట్లను నొక్కిపట్టే క్లాంపులు బిగించి, ఆనక మెల్లగా వదలాలి. మా ఇంట్లో క్లాంపు ఒకటే ఉంది. తమ్ముడు హంసలదీవి నుంచి సముద్రం మీదికి చేపల వేటకెళ్లేవాడు. రెండోవైపు వల తాడు చుట్టాడు.

"ఇంకోటి తెచ్చుకుని విప్పండయ్యా," అన్నాను.

"ఈ తాడు మనిషంత బరువుండే టేకు చేపల్నే ఆపుద్దక్కా, నీ మొగుడి కమాను ఓ లెక్కా?" అన్నాడు తమ్ముడు.

"తెగిందంటే మీ అక్కని నీ ఇంటికే తోలేస్తాన్రా," అన్నాడు ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

తాడు తెగలేదు, సాగింది. తుప్పుకి తిరగని బోల్టును ఆయన రంపంతో కోయగానే తాడున్న వైపు ప్లేట్లు విచ్చుకుని ఆయన కుడి మణికట్టును తన్నాయి.

"కదపకు బావా, కదపకు," అంటూ తమ్ముడు ఆ తాడే విప్పి చెయ్యి కట్టబోయాడు. నేను దాన్ని లాగి పారేసి, నా కొంగు చింపి కట్టాను.

బందరు ఆసుపత్రిలో ఎముకలు అతికించారు గానీ వేళ్లు ముడుచుకోలేదు.

"స్టీరింగు పట్టగలనాండీ?" అని ఆయన అడిగితే డాక్టరు నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

కట్టను తర్వాత మేస్త్రీ వచ్చి బాగుచేశాడు. లోడుకి కిరాయి డ్రైవరు వచ్చాడు. తానూ వెళ్తానని మా ఆయన అవతలి తలుపు తీశాడు. ఒంటి చేత్తో ఎక్కలేకపోయాడు. తమ్ముడు వెనకనుంచి నడుం పట్టి ఎత్తాడు.