వాగు ముందు కచ్చ

డెబ్బైల చివర్లో, టీచరుగా చేరడానికి నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో ఒంటరిగా వెళ్తున్నాను. దారిలో వాగు పొంగి బస్సు ఆగిపోయింది. అవతలి ఒడ్డున ఇంకో బస్సు ఉంది, నడిచి దాటాలన్నాడు కండక్టరు. మాది తెనాలి. నెమ్మదిగా పారే కాలువలు తప్ప ఇలా సుడులు తిరుగుతూ ఉరికే నీళ్లు నేనెప్పుడూ చూడలేదు.

కుచ్చిళ్లు కాస్త పైకెత్తి పట్టుకుని దిగబోతుంటే, బస్సులో నా పక్కన కూర్చున్న మరియమ్మ రెక్క పట్టుకుని ఆపింది. ఆమె శనక్కాయల కూలికి పోతున్న పెద్దావిడ.

"అట్లే పోతాండావేంది పాపా? కచ్చ పోసుకో."

"ఇంతమంది మగాళ్ల ముందా?"

"వాళ్లెవురూ సూడరులే" అంటూ, నా కుచ్చిళ్లను కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి నడుము దగ్గర బిగించి దోపింది. తనూ అలాగే కట్టుకుంది. నిజంగానే మగవాళ్లంతా, ఎవరూ చెప్పకుండానే, మాకు వీపు తిప్పి నిలబడ్డారు.

నడుము లోతులో కాళ్ల కింద ఇసుక జారిపోయింది. మునిగిపోతున్నానని కేక పెట్టాను. మరియమ్మ నా చెయ్యి వదల్లేదు.

ఒడ్డెక్కాక చూస్తే ఆమె నాకంటే ఎక్కువ వణుకుతోంది.

"నీకూ భయమేనా అమ్మా?"

"పోయినేడు ఈడనే మా చెల్లెలు కొట్టుకపాయ. కుచ్చిళ్లు కాళ్లకు సుట్టుకున్యాయి. నేను ఒడ్డుమీదనే ఉంటి పాపా" అంది.

రెండో బస్సెక్కాక అందరూ బట్టలు పిండుకున్నారు. నాకు మాత్రం ఆళ్లగడ్డ వచ్చేదాకా కచ్చ విప్పడానికి చేతులు రాలేదు.