కొంకర్లు పోయిన చేతులకు అగ్గి

గొర్రెల్ని కొండల మీంచి దింపి, ఎవరి మందను వాళ్లు వేరు చేసుకుని ఇంటికి తోలుకున్నాక మా ఊళ్లో శీతకాలపు పనులు మొదలవుతాయి. మంచులో జారకుండా కార్లకు మేకుల టైర్లు ఎక్కుతాయి. మంచులో దారి చూపే పసుపు గుంజలు రోడ్డు పక్కన ఒరిగిపోతే మళ్లీ నిలబెడతారు. మా ఊరి హల్బెరా, కొండ కనుమలో ఉన్న గుడిసెకు బయల్దేరుతుంది.

మంచుతుఫానులో చిక్కుకున్నవాళ్లు తలదాచుకునే గుడిసె అది. తలుపుకు తాళం ఉండదు. అందులో దుప్పట్లు, డబ్బాల్లో తిండి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కలపతో కొట్టిన కట్టెలు సర్దిపెట్టేది హల్బెరాయే. చేపలు కోసే షెడ్డులో కత్తిపట్టి బతికిన మనిషి. ఈ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు, ఎవరూ వద్దనలేదు.

కొన్నేళ్ల కిందట ఆమె తమ్ముడు ఓర్మ్ ఆ గుడిసెలోనే చనిపోయాడు. కారు మంచులో కూరుకుపోతే నడిచి వచ్చాడు. తలుపు నెట్టుకుని లోపలికీ చేరాడు. కట్టెలున్నాయి, అగ్గిపెట్టె ఉంది. చెమ్మ తగలకూడదని దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, టేపు మీద టేపు చుట్టి బిగించింది హల్బెరాయే. ఊడిరాని ఆ టేపు మీద పళ్ల గాట్లు కనిపించాయి.

ఊళ్లో ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. మరుసటి ఏటి నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. కట్టెల్ని పొయ్యిలోనే పేర్చి ఉంచుతుంది. అగ్గిపెట్టెను గోడకు మేకులతో బిగించి, పుల్లల్ని సగం బయటికి లాగి పెడుతుంది. అప్పుడు వాగునీళ్ల బకెట్లో, వేళ్లు కొంకర్లు పోయేదాకా చేతులు ముంచి ఉంచుతుంది. ఆ చేతులతో పొయ్యి వెలిగితేనే కొండ దిగుతుంది. ఏటా వెలిగేది. ఆ మంట ముందు ఆమె మొహం చూసినవాళ్లు మరోసారి తోడు వెళ్లడానికి జంకేవాళ్లు.

ఈసారి మంచు తోసే బండి నడిపే స్నైవర్, నేను వెళ్లాం. రాత్రికి పెద్ద మంచు పడుతుందని రేడియోలో చెప్పారు.

"ఆ బకెట్ తంతు ఇంకా ఉందా హల్బెరా? చేతులు ఇంట్లోనే ఫ్రిజ్‌లో పెట్టుకుని రాకపోయావా!" అన్నాడు స్నైవర్.

"ఫ్రిజ్‌లో పెట్టాల్సింది నీ నోరు. ముందు చూసి నడుపు."

"వెలిగితే సంతోషించాలి గదా. ఏటా ఆ ఏడుపు మొహమెందుకు?"

"వెలిగిందంటే, ఆ టేపు లేకుంటే వాడూ వెలిగించుకునేవాడనే గదరా అర్థం," అంది హల్బెరా.

గుడిసెలో అన్నీ సర్ది చేతులు ముంచింది. తీసేసరికి అవి మైనంలా పాలిపోయి ఉన్నాయి. పుల్లను అరచేతుల మధ్య నొక్కి లాగింది. జారిపోయింది. ఇంకోటి పళ్లతో పట్టింది. విరిగింది.

"ఇటివ్వు, నేను గీస్తా," అన్నాడు స్నైవర్.

"కూర్చో."

నేల మీద పుల్లలు పడుతూనే ఉన్నాయి. చివరికి ఆమె బల్ల మీద కూలబడింది.

"వెలగలేదు," అంది. ఆ గొంతు తేలిగ్గా ఉంది. అలాంటి గొంతు ఆమెకుందని నాకు తెలియదు. "చూశారా? టేపు లేకపోయినా వెలగలేదు."

నేను తల దించుకున్నాను. స్నైవర్ చాలాసేపు బకెట్ వైపు చూశాడు. తర్వాత కోటు చేతులు పైకి మడిచాడు.

"వద్దురా," అంది హల్బెరా.

"రేపు ఈ దారిన మనుషులొస్తారు. ఇది పనికొస్తుందో రాదో తెలీకుండా ఎలా వదిలిపోతాం? పనికిరాకపోతే ఇంకో ఏర్పాటు చెయ్యాలి."

"ఈ ఒక్క ఏడూ వదిలెయ్ బాబూ."

అతను చేతులు ముంచాడు. కాసేపటికి పళ్లు బిగబట్టి బయటికి తీయబోయాడు. ఆమె లేచి వచ్చి అతని వేళ్లు పట్టి చూసింది.

"ఇంకా వంగుతున్నాయి. ఉంచు," అంది.

మళ్లీ ముంచాడు. ఆమె తల ఊపాకే తీశాడు. మొదటి పుల్ల రాలిపోయింది. రెండోదాన్ని మణికట్ల మధ్య ఇరికించి ఒళ్లంతా విసిరినట్టు గీశాడు. చిన్న మంట లేచింది. దాన్ని అలాగే పొయ్యిలోకి జారవిడిచాడు. కట్టెలు చిటపటమన్నాయి.

"ఆర్పకండి. పూర్తిగా కాలిపోనీండి," అని హల్బెరా తలుపు తీసుకుని బయటికి వెళ్లి నిలబడింది.

మంచు మొదలైంది. లోపలికి రమ్మని పిలిచాను.

"మీరు కాచుకోండి," అంది వెనక్కి తిరగకుండా.

మంట చల్లారాకే లోపలికి వచ్చింది. బూడిద తీసి, రేపు వచ్చేవాళ్ల కోసం మళ్లీ కట్టెలు పేర్చడానికి మోకాళ్ల మీద కూర్చుంది.