మెల్లగా ఊదితే పలికే పిల్లనగ్రోవి

దుకాణదారు అద్దాల పెట్టె మీద రెండు ప్లాస్టిక్ పిల్లనగ్రోవులు పక్కపక్కన పెట్టి, "మూతి పెడితే కొనుడే అమ్మా. ఎంగిలైతే మళ్ళ వాపస్ లేదు" అన్నాడు. ఒకటి గోధుమరంగుది, ఇంకొకటి మీగడరంగుది. నా వెనక మా వదిన, ఆమె వెనక హార్మోనియం బేరమాడుతున్న మగవాళ్ళ గుంపు. ఊదకుండా ఎట్లా ఎంచుకోవాలో నాకు తెలియదు. అంతమంది ముందు ఊదడమంటే సిగ్గు.

అప్పటికి నేను పటాన్‌చెరులో చర్చివాళ్ళ బడిలో పాటల టీచరుగా చేరి కొన్ని నెలలే అయింది. టెంపరరీ పోస్టు. జొన్నచేల మధ్య ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్న రోజులవి. ఉద్యోగాల కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలూ మా బడిలో ఒకే బెంచీ మీద కూర్చునేవారు. బడికి ఉన్న ఒకే ఒక హార్మోనియం తిత్తి చిరిగి, పలకడం కంటే ఆయాసపడటమే ఎక్కువైంది. అప్పుడు హెడ్‌మిస్ట్రెస్ గారికి రికార్డర్ల ఆలోచన వచ్చింది. రికార్డర్ అంటే నిలువుగా పట్టుకుని ఊదే చిన్న పిల్లనగ్రోవి. మూతి దగ్గర ఈలకున్నట్టు చీలిక ఉంటుంది కాబట్టి, పెదవి ఎట్లా పెట్టాలన్న తిప్పలు లేకుండా ఎవరు ఊదినా పలుకుతుంది. పిల్లలు తలా ఒకటి పట్టుకుని క్రిస్మస్‌కు చర్చిలో ఒక కీర్తన వాయించాలని ఆమె కోరిక.

"నమూనాకు ఒకటి తీస్కరా. సోమవారం తల్లిదండ్రుల మీటింగ్ల సూపిద్దాం" అన్నారు నాతో. "వాళ్ళు కొంటమంటే పాటల పీరియడ్ ఉంటది. వద్దంటే ఆ పీరియడ్ కుట్టుపనికి ఇచ్చేస్త. కుట్టుపనికి టీచర్ ఉన్నది గద."

మిగతా మాట ఆమె అనలేదు. నేనే పూర్తిచేసుకున్నాను. పాటల పీరియడ్ లేకపోతే పాటల టీచరూ అక్కరలేదు. మళ్ళీ సంగారెడ్డిలో అన్నయ్య ఇల్లు, వంటగది, పెళ్ళిచూపుల మాటలు. రోజూ పటాన్‌చెరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో పుస్తకం తెరుచుకునే ఆ కాస్త సమయమూ పోతుంది. ఆ శనివారం వదినను తోడు తీసుకుని సికిందరాబాద్ వెళ్ళింది అందుకే.

"రికార్డర్ అంటే పాటలు పట్టే మిషన్ అనుకున్న. గీ గొట్టం కొననీకా గింత దూరం తోల్కొచ్చినవ్?" అంది వదిన. "మన ఊదుగొట్టం లెక్కనే ఉన్నది గద పిల్లా. ఇంట్లదే ఇచ్చేద్దును."

ఊదకుండా చూడగలిగినంత చూశాను. మూతి దగ్గరి చీలికను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, గాలి పోయే దారి తిన్నగా ఉందో లేదో చూశాను. రంధ్రాల అంచులు వేలికి గరుగ్గా తగులుతున్నాయేమో తడిమాను. గోధుమరంగుది ఒకే ముక్క. మీగడరంగుది మూడు ముక్కలు. అడుగు ముక్కను కొంచెం తిప్పుకోవచ్చు. చిటికెన వేలు పొట్టిగా ఉన్న పిల్లలకు చివరి రంధ్రాన్ని వేలి దగ్గరకు తెచ్చుకోవచ్చన్నమాట. అది నాకు నచ్చింది. కానీ పెట్టెలోని కాగితం చూస్తే వేళ్ళు పెట్టే పద్ధతిలో తేడా కనిపించింది. గోధుమరంగు దాంట్లో 'మ' పలకాలంటే వరసగా ఒక వేలు ఎక్కువ మూస్తే చాలు. మీగడరంగు దాంట్లో మధ్యలో ఒక వేలు ఎత్తి, దాని కింది వేళ్ళు మూయాలి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఏది మేలు? సులువుగా మొదలయ్యేదా, మొదట తిప్పలు పెట్టినా తర్వాత శ్రుతి తప్పనిదా? దుకాణంలో నిలబడి అంత ఆలోచించే వీలు ఎవరిస్తారు?

"జెర జల్దీ అమ్మా" అన్నాడు దుకాణదారు.

ఎంగిలైనది కొనాల్సిందే కాబట్టి ఒక్కదాన్నే ఊదగలను. పైటకొంగు తలమీదుగా మూతికి అడ్డం లాక్కుని, మీగడరంగు దాని రంధ్రాలన్నీ మూసి, వేడి పాలను చల్లార్చినట్టు ఊదాను. అడుగు 'స' పలికింది. సన్నగా, గుండ్రంగా, ఎక్కడా వణకకుండా.

"గట్ల ఊదితే దీపం గూడ ఆరది" అంది వదిన. హార్మోనియం దగ్గర మగవాళ్ళు నవ్వారు. నేను వెంటనే దాన్ని పెట్టెలో పెట్టి చేతిసంచిలో వేసుకున్నాను.

మర్నాడు ఆరాధన నుంచి వచ్చాక వదిన చెయ్యి చాపింది. "ఇయ్యి, నేను గూడ సూస్త."

ఆమె పొయ్యిలో తడికట్టెల్ని మంటపుట్టించే మనిషి. ఊదుగొట్టానికి అలవాటుపడ్డ ఊపిరి. ఒక్కసారి ఊదింది. చెవుల్లో సూది దిగినట్టు కీచుమంది. ఉయ్యాలలో ఉన్న వదిన కొడుకు ఉలిక్కిపడి లేచి ఏడుపందుకున్నాడు.

"ఏందే ఇది? సచ్చిన కోడి కూసినట్టు!" పిల్లవాణ్ణి భుజాన వేసుకుంటూ వదిన నవ్వింది. కాసేపటికి నా ముఖం చూసి నవ్వు ఆపింది. "పిల్లలు నీ లెక్క ఊదుతరా మరి? బడి ఇడిసిపెడితే ఎట్ల ఉరుకుతరో గట్లనే ఊదుతరు. గా రెండోది సూడకపోతివి."

అదే నిజమని నాకూ తోచింది. నేను నా బెరుకు ఊపిరితో పిల్లనగ్రోవిని ఎంచుకున్నాను. గోధుమరంగుది గట్టి ఊపిరికి తట్టుకునేదేమో. దుకాణం ఆదివారం మూసి ఉంటుంది. తెరిచి ఉన్నా ఎంగిలిది తీసుకోరు. ఆ రోజు నా డైరీ నిండా ప్రశ్నలే ఉన్నాయి. మీటింగులో నేను మెల్లగా ఊది వినిపిస్తే అందరికీ నచ్చుతుంది, కొంటారు. కొన్నాక ఇళ్ళల్లో పిల్లలు ఊదితే? ఇంటింటా ఈ కీచుమోతే. అప్పుడు పీరియడ్ ఒక్కటే పోదు, నామీద నమ్మకమూ పోతుంది. ముందే హెడ్‌మిస్ట్రెస్ గారికి చెబుదామా? ఒక్క గొట్టం సరిగ్గా కొనలేనిది పాటలేం నేర్పుతుందనుకుంటారు.

సోమవారం బస్సులో పుస్తకం తెరవలేదు. హెడ్‌మిస్ట్రెస్ గారి గది గుమ్మం దాకా వెళ్ళి, లోపల ఎవరో ఉన్నారన్న సాకు దొరకగానే వెనక్కి వచ్చేశాను.

మధ్యాహ్నం బడి వరండాలో మీటింగు. వచ్చినవాళ్ళలో తల్లులే ఎక్కువ. హెడ్‌మిస్ట్రెస్ గారు సైగ చేయగానే లేచి నిలబడి, నేలను చూస్తూ ఒక కీర్తన పల్లవి వాయించాను. స్వరం ఎక్కడా తప్పలేదు. "మంచిగున్నది" అని ఎవరో అన్నారు. అక్కడితో ఆగితే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను.

"ఇప్పుడు ఒక పిల్లతోని ఊదిద్దాం" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. ముందు వరసలో తల్లి పక్కన కూర్చున్న మూడో క్లాసు అమ్మాయిని పిలిచారు. వాళ్ళది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి ఫ్యాక్టరీలో పని.

తల్లి కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది. "టీచర్ గారు ఊదిందే ఇస్తారా అండీ? ఎంగిలి కదా. కాస్త మరిగే నీళ్ళు పోసి కడిగించండి."

"ఆయమ్మా, పొయ్యి మీద నీళ్ళున్నయా?" అని హెడ్‌మిస్ట్రెస్ గారు కేకేశారు.

"వేడినీళ్ళు వద్దండి" అన్నాను. అంత గట్టిగా నా గొంతు నేనే ఎప్పుడూ వినలేదు. "ప్లాస్టిక్ వంగిపోతది. చల్లనీళ్ళు, సబ్బు చాలు."

పంపు దగ్గర సబ్బుతో కడిగి, తెచ్చి ఆ అమ్మాయికిచ్చాను. ఊదింది. గురగురమంది. చీలికలో నీళ్ళు నిలిచిపోయాయి. వాటిని బయటికి పంపాలంటే కిటికీలాంటి రంధ్రం మీద వేలుపెట్టి గట్టిగా ఊదాలి. నేను ఊదితే మళ్ళీ ఎంగిలి, మళ్ళీ పంపు, మళ్ళీ నీళ్ళు. ఏం చేయాలో తోచక చేతిలోకి తీసుకుని థర్మామీటరును విదిలించినట్టు విదిలించాను. ముందు వరసవాళ్ళ మీద చినుకులు పడ్డాయి. "వాన గూడ పడుతుందా దీంతోని?" అని వెనకనుంచి ఒక నవ్వు.

అమ్మాయి ఈసారి బుగ్గలు పూరించి ఊదింది. నిన్న మా ఇంట్లో వినపడ్డ కీచే. తల్లులు చెవులు మూసుకున్నారు.

"అమ్మో, వద్దండీ బాబూ" అంది ఆ అమ్మాయి తల్లి. "మా ఆయనది నైట్ డ్యూటీ. పొద్దున వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా మా ఇంట్లో గ్లాసు కింద పెట్టాలన్నా భయమే. ఇలా కూసేదాన్ని ఇంట్లో ఎలా పెట్టుకోమంటారు?"

"మా ఇంట్ల గూడ అంతే" అన్నారు ఇంకొందరు. పాతూరు వైపు నుంచి వచ్చిన ఒకామె మాత్రం, "మా ఇంట్ల బర్రెలే ఉన్నయి. ఎంత ఊదినా ఏం అనయి" అంది. అందరూ నవ్వారు. హెడ్‌మిస్ట్రెస్ గారు నవ్వలేదు. కుట్టుపని టీచరు కూర్చున్న వైపు ఒకసారి చూశారు. ఆ చూపుతో నా పని అయిపోయిందనుకున్నాను. మెల్లగా ఊదమని ఆ అమ్మాయికి పైకి చెప్పలేక, అరచెయ్యి కిందికి అణిచినట్టు సైగ మాత్రం చేశాను.

అమ్మాయి నా చేతివైపు చూసి, "నాన్న పడుకున్నప్పటిలాగా ఊదనా టీచర్?" అంది.

తల ఊపాను. ఆ పిల్ల ఊపిరిని ఎక్కడో లోపలే ఆపుకుని, తలుపు చప్పుడు కాకుండా మూసినట్టు వదిలింది. నేను ఆ పిల్ల వేళ్ళు పట్టుకుని ఒక్కో రంధ్రం మీద ఆనించాను. అడుగు 'స' పలికింది, దుకాణంలో నాకు పలికినట్టే. మరొక అమ్మాయి లేచి, "మా ఇంట్ల గూడ బాపు నైట్ డ్యూటీయే, నాకు గూడ వస్తది టీచర్" అంది. పగలు గుసగుసలతోనే పెరుగుతున్న పిల్లలు వాళ్ళు. మెల్లగా ఊదడం నేను నేర్పాల్సిన అవసరం లేదు. దానికి పలికే పిల్లనగ్రోవి ఉంటే చాలు. గోధుమరంగుది కొని ఉంటే ఆ ఊపిరికి పలికేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి అమ్మాయి తల్లి కూతురిని దగ్గరకు తీసుకుంది. "అలా అయితే కొంటామండీ. కానీ ఎవరిది వాళ్ళకే. ఒకరిదొకరు ఊదకూడదు."

"దారంతోని గుర్తు కట్టిద్దాం" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. నేను పంపు దగ్గరకు వెళ్ళి, కడగడానికి ఏమీ లేకపోయినా చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను. 

ఆ తర్వాతి వారాల్లోనూ భయం నన్ను వదల్లేదు. ఒక తల్లి నా మాట మరిచి మరిగే నీళ్ళలో ముంచింది. మూతి ముక్క పక్కకు వంగి, ఆ పిల్లనగ్రోవి మూగదైంది. బర్రెల ఇంటి పిల్లవాడికి మెల్లగా ఊదడం క్రిస్మస్ దాకా రాలేదు. 'మ' దగ్గర అందరి వేళ్ళూ తికమకపడేవి. నేను ఎంచుకున్నది తప్పేమోనని ప్రతిసారీ అనుకునేదాన్ని.

క్రిస్మస్ ఆరాధనలో పిల్లలు వేదిక ముందు నిలబడి కీర్తన మొత్తం వాయించారు. ఒక్క కీచు లేదు. బర్రెల ఇంటి పిల్లవాడు వేళ్ళు మాత్రం ఆడించాడు; అది మా ఇద్దరి ఒప్పందం. ముందు బెంచీలవాళ్ళు కళ్ళు మూసుకుని విన్నారు. వెనక బెంచీలవాళ్ళు మాత్రం, పిల్లలు ఇంకా మొదలుపెట్టలేదనుకుని మాట్లాడుకుంటూనే ఉన్నారు. పిల్లలు వంగి దండం పెట్టాక గానీ అయిపోయిందని వాళ్ళకు తెలియలేదు.

హెడ్‌మిస్ట్రెస్ గారు బయట మెట్ల దగ్గర నాకోసం ఆగారు. ముఖంలో కోపమో సంతోషమో తెలియలేదు. దగ్గరకు వెళ్ళాను.

"ఎనకకు ఒక్క ముక్క వినపడలే" అన్నారు. నేను తల దించుకున్నాను. "వచ్చే యేడు మైకు కిరాయికి తెద్దాం. నువ్వు ముందల నిలబడి నడిపించాలె."

వచ్చే యేడు. నా పోస్టు ఉందన్నమాట. ఆ సంతోషం గొంతు దాకా వచ్చేలోపే మైకు గుర్తొచ్చి, అరచేతులు చెమటపట్టాయి.