కేరేజీ తిన్న చోటు

బిలాస్‌పూర్‌లోని తోర్వా పేటలో మా పక్కింటి పిన్ని పోయిన మంగళవారం పొద్దున్న కాలం చేసింది. నిద్రలోనే పోయిందట. ఆవిడకి చెప్పాల్సిన కబురొకటి పట్టుకుని మా రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళ వాకిట్లో జనం ఉన్నారు. ఆవిడే ఉంటే అందరికంటే ముందు వచ్చి, "ఏటైనాది? ఎలా పోనాది?" అని అడిగేది.

మాకు చుట్టరికమేమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికని బిలాస్‌పూర్ వచ్చిన మా ఇళ్ళలో పక్కింటి పెద్దావిడ పిన్ని అయిపోతుంది, అంతే. ఆవిడకి అన్నీ తెలుసుకోవాలి. సదర్ బజార్‌లో గాజుల కొట్టు ముందు నిలబడి, గాజులు ఎక్కడ చేస్తారు, కొలిమి ఎంత వేడిగా ఉంటుంది, చేతులు కాలవా అని అరగంట అడిగి, చివరికి ఏమీ కొనకుండా వచ్చేసేది. నాకేమో తల కొట్టేసినట్టుండేది.

"అడిగితే ఏటి పోద్దే?" అనేది.

బాబాయి గూడ్సు బండి గార్డు. రిటైరైన మర్నాడు పొద్దున్నే పిన్ని అలవాటుకొద్దీ రెండు పూటలకి సరిపడా నాలుగు గిన్నెల కేరేజీ కట్టేసిందట. కట్టేశాక చూస్తే ఆయన లుంగీతో మంచం మీదే ఉన్నారు. ఇద్దరూ కాసేపు ఆ కేరేజీ వంక చూశారట.

"ముప్పై ఏళ్ళు కట్టినాను గానీ ఇది ఎక్కడిప్పి తిన్నారో నాకు తెల్దు. సూపించండి" అంది పిన్ని.

ప్యాసింజరెక్కి వెళ్ళారు. ఓ చిన్న స్టేషన్లో కుళాయి పక్కన సిమెంటు అరుగు మీద కూర్చుని తిన్నారు. బాబాయి పోయేదాకా వారానికో కొత్త చోటు. ఆ తర్వాత అదే కేరేజీలో మాకు కూరలు పంపేది.

ఇక నా సంగతి. నిరుడు ఇంజన్ డ్రైవరైన మా ఆయన కళ్ళ పరీక్షలో తప్పారు. ఇంజన్ దించేసి షెడ్డులో కుర్చీ పని ఇచ్చారు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ప్రతి సాయంత్రం మనిషి ఇంట్లో ఉన్నాడు. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, నాకు ఊపిరాడలేదు. ఏమి చెప్పినా "అచ్ఛా" అనేసి టీవీ వైపు తిరిగేవారు. విజయనగరంలో మా అక్క బట్టలు కుట్టే కొట్టు పెట్టింది, తోడు రమ్మంది. నలభై ఆరేళ్ళ వయసులో విడిపోతానని పైకి అనలేదు, సూట్‌కేసు మాత్రం సర్దేశాను.

పిన్ని గోడ మీంచి చూసింది. తిట్టనూ లేదు, నచ్చచెప్పనూ లేదు.

"ఒలే, ఎల్తే ఎల్లు. ఎల్లేముందు ఆడు కేరేజీ ఎక్కడ తినీవోడో అడిగీసి ఎల్లు. నీకు తెలుసుకోవాలని లేదేటి?"

ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ కాపురం కూలిపోతుంటే కేరేజీ గోలేమిటి! రెండు వారాలు ఆ గోడ వైపు పోలేదు. కానీ ఆ పాడు ప్రశ్న నన్ను వదల్లేదు. నిజంగానే నాకు తెలీదు కదా!

సోమవారం సాయంత్రం అడిగేశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నన్ను వింతగా చూశారు.

"ఇన్నాళ్ళూ ఎవులూ అడగలేదు" అన్నారు.

తర్వాత గంటసేపు ఆగలేదు. సిగ్నల్ పడక బండి ఆగితే ఇంజన్లో నిలబడే తినేవారట. బెండకాయ వేపుడు పెట్టిన రోజు అసిస్టెంటుకి కనబడకుండా ఆ గిన్నెని కేరేజీ అడుగున దాచేసేవారట. నవ్వి నవ్వి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఉన్నట్టుండి ఆయన అడిగారు.

"నాను లైన్ మీదుంటే నువ్వెక్కడ తినీదానివి?"

నన్నూ ఎవరూ అడగలేదు. "రేపు చూపిస్తాలెండి" అన్నాను.

మంగళవారం పొద్దున్నే పిన్నికి చెప్పాలనుకున్న కబురు ఇదే. వింటే వంద ప్రశ్నలేసేది. ఒక్క పూట ముందు అడిగి ఉంటే ఏం పోయేది నాకు?

ఆ రేపు కాస్తా పిన్నిని సాగనంపడంతోనే గడిచిపోయింది. బుధవారం అక్కకి ఫోన్ చేసి, కొట్టు పని నేర్చుకోవడానికి ఓ నెల వస్తాను, మళ్ళీ ఇక్కడికే వచ్చి మిషను పెట్టుకుంటాను అన్నాను. మధ్యాహ్నం రెండు కంచాల్లో అన్నం పెట్టుకుని పెరటి మెట్టు దగ్గరికి ఆయన్ని తీసుకెళ్ళాను.

"ఇక్కడే" అన్నాను.

ఆ మెట్టు ఒక్క మనిషికే సరిపోతుంది. ఆయన ఒదిగి నా పక్కనే కూర్చున్నారు. ఎదురుగా గోడ మీద, పిన్ని కడిగి బోర్లించి వెళ్ళిన కేరేజీ గిన్నెలు నాలుగూ ఎండలో అలాగే ఉన్నాయి.