వెనక గల్లీ

రాత్రి నుంచి ముసురు పట్టింది. మొదటి షిఫ్టు ముగించుకొని వచ్చి తడిసిన బట్టలు పొయ్యి దగ్గర ఆరేసుకుంటుంటే, పక్క క్వార్టరు పెద్దమ్మ పోయిందని ఆమె కోడలు వచ్చి చెప్పింది. పొద్దున కూడా గల్లీలో తిరిగిన మనిషి.

బొగ్గుబాయి కాలనీలో మా వరుస వాకిళ్లన్నీ దక్షిణానికి, లారీల రోడ్డు మీదికి పెట్టి కట్టారు. వెనక, ఒక కొసన గేటున్న సన్నటి గల్లీ. రెండో కొసన అందరి పాయఖానాలు. వాటిని ఎత్తే ఆమె వచ్చిపోవడానికే ఆ గల్లీ. ఊళ్ల నుంచి వచ్చిన మాకు దక్షిణపు వాకిలి పడదు. చేరిన వారంలోనే పెద్దమ్మ ముందు తలుపుకు గడియ పెట్టి, వెనక తలుపు ముందు సాన్పు చల్లి ముగ్గు వేసింది. చూసి అందరం అదే చేశాం. లారీల భయం లేదు కనుక మా పిల్లలు అక్కడే నడక నేర్చారు. అంగడికీ అటే పోయేవాళ్లం.

పెద్దమ్మకు కుదురు లేదు. చేటలో బియ్యం ఏరుకుంటూ కూడా గల్లీ పొడుగునా నడిచేది. ప్రతి గడప ముందూ ఆగి ఏం కూరో అడిగేది. ఏది చెప్పినా పెదవి విరిచేది. "ఇంట్ల కూసుంటె బాయిల దిగినట్టే ఉంటది బిడ్డా" అనేది.

గల్లీ మాదయ్యాక, పాయఖానాలు ఎత్తే ఆమె మాకు అడ్డమైంది. ముగ్గు తొక్కుతోందన్నారు. వంట వేళ గంపతో ఎదురొస్తోందన్నారు. మా వరుస పెద్దమనిషి గల్లీ గేటుకు తాళం వేసి, ఇంటికో తాళంచెవి పెట్టుకుందామన్నాడు. అప్పుడామె నిండు గంపతో రోడ్డు మీదుగా తిరిగి పోవాలి. లారీ వస్తే పక్కకు జరగడానికి అక్కడ బురద తప్ప జాగా లేదు.

గేటు పక్కది పెద్దమ్మ ఇల్లే. అడ్డం నిలబడింది.

"ఆమె తొవ్వలకు మనం వచ్చినం అన్నా. మన తొవ్వలకు ఆమె రాలే."

"గట్లయితే ముగ్గు గూడ ఆమెతోనే ఏపిచ్చుకో అక్కా."

"ఏస్తె ఏస్తది. నా కన్న సక్కగనే ఏస్తదేమో."

ఆ తర్వాత రెండిళ్లవాళ్లు పెద్దమ్మ ఇంట్లో నీళ్లు తాగడం మానేశారు. పెద్దమ్మ మాత్రం రోజూ తెల్లవారకముందే గేటు తీసి, గంప ఆమె దాటిపోయేదాకా అక్కడే నిలబడేది. గంప ఆమె దాహమంటే దోసిట్లో పైనుంచి నీళ్లు పోసేది, చెంబు అందించేది కాదు. అదేమిటని ఒకసారి అడిగాను. "తొవ్వ వేరే, చెంబు వేరే" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కానీ గేటు తీసింది మా అందరిలో ఆమె ఒక్కతే.

పెద్దమ్మ దినాలు అయిన మర్నాడు గేటుకు తాళం పడింది. సోమవారం పొద్దున, మొదటి షిఫ్టు సైరన్ మోగే వేళకు, పాయఖానాలు ఎత్తే ఆమె గంప నెత్తిన పెట్టుకొని లారీల రోడ్డు మీదుగా పోయింది.