తడి ఆరేదాకా

ముందు టిప్పర్ లారీ కనిపించగానే మేస్త్రీ కాలు బ్రేకు మీదికి వెళ్లింది. పక్కసీట్లో ఉన్న భార్య తల తిప్పి చూడనైనా లేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఊపిరి ఎక్కడ బిగబడుతుందో ఆవిడకు కంఠతా వచ్చేసింది. లారీ వెనక తలుపు సందుల్లోంచి కంకర రాలుతోంది. ఒక్కో రాయీ రోడ్డు మీద పడి, ఎగిరి, తన ఇష్టమొచ్చిన వైపు దొర్లిపోతోంది. ఆ రాళ్లకు జడిసి ఆయన కారును నత్తనడకకు తెచ్చాడు. వెనకున్న బండ్లన్నీ హారన్లు మోగించుకుంటూ దాటిపోతున్నాయి. లోపలున్న మహానుభావుడు ఎవరా అని తొంగిచూసి మరీ పోతున్నారు.

"అవతల అక్క నిద్రపోతుందండీ," అంది ఆవిడ.

"లారీ కాస్త దూరం పోనీ."

అంతే. ఆ లారీ మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆయన వేగం పెంచలేదు.

అక్కంటే ఆవిడ తోడబుట్టిన అక్క. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, ఊరవతల, కంకర క్రషర్లు దాటాక ఉన్న చిన్న ఆస్పత్రిలో చేర్చారు. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. మధ్యాహ్నం భోజనమయ్యాక కాసేపు మాత్రం తెలివిగా ఉంటుంది. ఆ కాసేపట్లో అప్పుడప్పుడూ ఒకటో రెండో మాటలు కూడా వస్తున్నాయని నర్సమ్మ ఫోన్లో చెప్పింది. ఆ తర్వాత మందుల మగత కమ్మితే ఇక లేపినా లేవదు. ఆ ఒకటో రెండో మాటల్లో ఒక్కటైనా తన చెవిన పడాలని చెల్లెలి ఆరాటం. చిన్నప్పుడు జడలు వేసి, పాఠాలు చెప్పి, అబద్ధమాడితే చెవి మెలిపెట్టిన మనిషి గొంతు అది. కానీ ఆదివారం వచ్చిందంటే ఇదే తంతు. లారీలకు దారిచ్చుకుంటూ, కంకర పడ్డ చోటల్లా తప్పుకుంటూ, ఒక్కోసారి ఏకంగా చుట్టుదారి పట్టి వీళ్లు చేరుకునేసరికి ఆయా వాకిట్లోనే ఎదురై, "ఇప్పుడే కళ్లు మూసిందమ్మా" అంటుంది. ఆ మాట వినీ వినీ ఆవిడ ప్రాణం విసిగిపోయింది.

ఆయనేమీ పిరికివాడు కాదు. కార్ల షెడ్డులో రంగులేస్తూ తల నెరిసిన మనిషి. అందులోనూ ఆయన పని తలుపులకు, కప్పులకు రంగు కొట్టడం కాదు. రాయి తగిలి పెచ్చు లేచిన చోట, ఆవగింజంత గుంటలో, చుట్టూ ఉన్న రంగులో కలిసిపోయేలా చుక్క పెట్టడం. అందుకే షెడ్డులో అందరూ చుక్కల మేస్త్రీ అనేవాళ్లు. సంగతి తెలియనివాళ్లు ఆ పేరు విని ఇంకేదో చుక్క అనుకుని, మానిపించలేకపోయారా అని భార్యను ఓదార్చిన సందర్భాలూ ఉన్నాయి. తాగుబోతును కట్టుకున్నా ఇంతకన్నా సుఖపడేదాన్నని, వాడైతే మత్తు దిగాకైనా మాట వినేవాడని ఆవిడ ఒకరిద్దరితో అంది కూడా.

అసలీ సంబంధం తెచ్చింది అక్కే. అప్పట్లో ఆమె స్కూల్లో టీచరు, పాత చిన్నకారు ఒకటుండేది. బానెట్ మీద లేచిన పెచ్చు బాగుచేయించుకుందామని షెడ్డుకు వెళ్లి, ఈయన పనిచేయడం చూస్తూ నిలబడిపోయింది. ముందు సూదితో తుప్పు గీకాడట. అగ్గిపుల్ల మొన చెక్కి, దాంతో ప్రైమర్ అంటించాడట. అది ఆరాక రంగు, ఆ రంగు ఆరాక మరో పలచటి పొర, ఆ పైన మెరుపు పూత. మధ్యలో షెడ్డు యజమాని కేకేసినా, టీ వచ్చి చల్లారిపోయినా లేవలేదు. తడి మీద దుమ్ము వాలకుండా పాత గొడుగొకటి పట్టుకుని కాపలా కాశాడు. అక్క ఇంటికొచ్చి చెల్లెల్ని కూర్చోబెట్టి, "ఇంత చుక్క కోసం అంతసేపు నిలబడ్డవాడు దేన్నీ మధ్యలో వదిలెయ్యడే. కళ్లు మూసుకుని చేసుకో," అంది. చెల్లెలు కళ్లు మూసుకునే చేసుకుంది. తెరిచాక తెలిసింది, వదలకపోవడంలో ఎన్ని రకాలున్నాయో.

ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. జన్మలో తనను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలేమో, వదినగారంటే అప్పట్నుంచీ ఆయనకు దేవుడితో సమానం. ఆమె వస్తోందంటే షెడ్డు నుంచి తొందరగా వచ్చేసేవాడు. ఆమె కారుకు పెచ్చు లేవనిచ్చేవాడు కాదు, లేచిందా, ఆమె కంటపడకముందే మాయం చేసేవాడు.

పనిలోంచి దిగిపోయాక ఈ ముదురు నీలం కారు కొన్నాడు. అక్కడితో ఆవిడకు నరకం మొదలైంది. బానెట్ మీదా బంపర్ మీదా రాళ్ల దెబ్బకు రంగు లేవకుండా కంటికి కనబడని ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించాడు. అది చాలదన్నట్టు చక్రాల వెనక ఏనుగు చెవులంత రబ్బరు రేకులు వేలాడదీశాడు. ముందు బండికీ తనకూ మధ్య పిల్లలు బంతాట ఆడుకునేంత ఎడం ఉంటే తప్ప నడపడు. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోవడం కన్నా ముందు కారు కడుగుతాడు. ఇసుక రేణువులున్నప్పుడు గుడ్డ పెట్టి రుద్దకూడదు, నీళ్లతో జారనివ్వాలి అని, ఎవరూ అడక్కుండానే పాఠం చెబుతాడు. చుట్టాలింటికి వెళ్తే మనుషుల కన్నా ముందు వాకిట్లో ఉన్న కార్లను పలకరిస్తాడు. "బావగారూ, బంపర్ మీద పెచ్చు లేచింది, తుప్పు తినకముందే మూయించండి" అని ఆయన మొదలుపెడితే, జ్వరంతో ఉన్న మనిషిని చూడటానికి వచ్చామన్న సంగతి ఆవిడే గుర్తుచేయాలి. ఎంత నెత్తీ నోరూ కొట్టుకున్నా గోడకు చెప్పుకున్నట్టే.

ఆ ఆదివారం కూడా వాళ్లు చేరేసరికి అక్క నిద్రపోయింది. ఇందాక "చెల్లి" అన్నదమ్మా, నేను విన్నాను అని ఆయా సంబరంగా చెప్పింది. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. తనను పిలిచిన పిలుపు ఆయా వింది, తను లారీ వెనక భాగం చూస్తూ కూర్చుంది. తిరుగు ప్రయాణంలో అప్పటిదాకా దిగమింగుకున్నదంతా కక్కేసింది. అక్కకు ఆ మాట కూడా మళ్లీ పోతే ఈ కారును తీసుకెళ్లి క్వారీ గుంతలో తోసేస్తానంది, నిన్ను కూడా లోపల కూర్చోబెట్టే తోస్తానంది. కోపంలో ఏకవచనం వచ్చేసిన సంగతి ఆవిడా గమనించలేదు, ఆయనా పట్టించుకోలేదు.

ఇంటి సందులోకి బండి తిప్పుతూ ఆయన, "వచ్చే ఆదివారం ఎక్కడా ఆగను" అన్నాడు.

అన్నమాట ప్రకారమే ఆగలేదు. క్రషర్ల దగ్గర రెండు లారీల మధ్య ఇరుక్కున్నా వేగం తగ్గించలేదు. దవడ బిగించి, స్టీరింగ్‌ను ఊపిరాడనివ్వకుండా పట్టుకుని నడిపాడు. సరిగ్గా ఆస్పత్రి గేటు కనిపిస్తుండగా పైన టక్కుమని చప్పుడైంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ రాయి కూడా వెతుక్కుని మరీ, ఫిల్మ్ లేని చోట, అద్దం పైన కప్పు అంచున తగిలింది. ఆవిడకు జాలి వేసింది కానీ, ఆ జాలి చూపించడానికి టైము లేదు.

"మీరు బండి పెట్టి వచ్చెయ్యండి," అని దిగి పరుగెత్తింది.

అక్క మెలకువగా ఉంది. దిండుకు ఆనుకుని, కిటికీ వైపు చూస్తోంది. చెల్లెల్ని చూడగానే ఎడమ చెయ్యి దుప్పటి మీద కదిలింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది. అక్క పెదవులు ఒకవైపుకు లాగుకుపోయి, ఎక్కడో లోతుల్లోంచి మాట తోడుకుంటున్నట్టు, చాలాసేపటికి, "చెల్లీ" అంది. ఇంకా కాస్త ఆగి, స్పష్టంగా, "మరిది... ఏడీ?" అంది.

ఆవిడకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వస్తున్నారక్కా, బండి పెట్టి వస్తున్నారు అంది. అక్క చూపు గుమ్మం మీదికి తిరిగి అక్కడే నిలిచిపోయింది. గుమ్మంలోకి ఎవరూ రాలేదు. ఆవిడ ఆయాను పంపింది. ఆయా పోయి వచ్చి, ఎలా చెప్పాలో తెలియక చేతులు నలుపుకుంటూ, "వస్తారటమ్మా. తడిగా ఉందట. ఆరగానే వస్తారట," అంది.

ఆవిడ కిటికీ దగ్గరకు వెళ్లి చూసింది. కింద, ఎండలో, కారు పక్కన మునివేళ్ల మీద నిలబడి, డిక్కీలో రంగుపెట్టెతో పాటు ఎప్పుడూ ఉంచుకునే గొడుగు కప్పు అంచుకు పట్టి, చుక్క మీద దుమ్ము వాలకుండా కాపలా కాస్తున్నాడు. అగ్గిపుల్ల నోట్లో ఉంది. రెక్క పట్టుకుని లాక్కొద్దామన్నంత కోపం వచ్చింది. ఆస్పత్రి అని కూడా చూడకుండా కిటికీలోంచి అరిచింది.

"అక్క మిమ్మల్ని అడుగుతోందండీ!"

ఆయన తలెత్తాడు. ఒక చేత్తో గొడుగు వదలకుండా, రెండో చేత్తో ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు.

ఆవిడ వెనక్కి తిరిగేసరికి అక్క కళ్లు ఇంకా గుమ్మం మీదే ఉన్నాయి. రెప్పలు బరువెక్కుతున్నాయి. బలవంతంగా తెరుస్తోంది, మళ్లీ వాలిపోతున్నాయి. ఆవిడ అక్క చెంప నిమిరింది, ఇదిగో వచ్చేస్తున్నారంది, ఏవేవో పాత కబుర్లు చెప్పింది. కాసేపటికి పట్టుకున్న చెయ్యి మెత్తబడింది.

ఆయన రంగు అంటిన వేలు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. "ఆరింది," అన్నాడు. ఆ తర్వాత మంచం వైపు చూశాడు.

ఆవిడ అరవలేదు. అరవడానికి దాచుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. "మరిది ఏడీ అంది," అని మాత్రం చెప్పింది. "కళ్లు మూతపడేదాకా ఆ గుమ్మం వైపే చూసింది."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. నర్సమ్మ వచ్చి ఇక బయల్దేరమనేదాకా లేవలేదు.

తిరిగి వస్తుంటే క్రషర్ల దగ్గర మళ్లీ ఒక లారీ ముందు నడుస్తోంది. ఆయన బ్రేకు వేయలేదు. ఒక రాయి తగిలింది. ఇంకోటి తగిలింది. ఆయన రెప్ప కూడా కొట్టలేదు.

"కాస్త వెనక్కి తగ్గండి," అంది ఆవిడ. తన నోట ఆ మాట వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఆయన విన్నట్టు లేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వాళ్లు అందరికన్నా ముందే చేరుతున్నారు. అక్క తింటున్నప్పుడే వెళ్లి ఎదురుగా కూర్చుంటున్నారు. ఆమె మెలకువగా ఉంటోంది, చెల్లెలి చెయ్యి పట్టుకుంటోంది. మరిదిని చూస్తోంది కూడా. కానీ మరిది అన్న మాట మళ్లీ రాలేదు. ఒక్కోసారి ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూస్తుంది. ఆయన స్టూలు కొంచెం ముందుకు జరుపుకుని, "వదినా, నేను" అంటాడు. 

కారు మాత్రం చూడటానికి భయంగా తయారైంది. కప్పు అంచున, తలుపుల కింద, ఎక్కడ పడితే అక్కడ పెచ్చులు. కొన్ని గోధుమరంగుకు తిరిగి తుప్పు కూడా మొదలైంది. ఆయన కడగడం మానేశాడు. డిక్కీలోని గొడుగు ఇప్పుడు ఇంట్లో తలుపు వెనక వేలాడుతోంది. పొరుగువాళ్లు అడగడం మొదలుపెట్టారు, మేస్త్రీకి ఒంట్లో బాగాలేదా అని. ఆవిడకు ఇది ఇంకో రకం విసుగు. ఒక శనివారం ఉండబట్టలేక, ఆయన అటక ఎక్కించేసిన, రంగుడబ్బాలు, సూది, అగ్గిపెట్టె, రుద్దే వాటర్ పేపర్ ఉన్న పెట్టె దింపి ఆయన ముందు పెట్టింది.

"జరిగిందేదో జరిగిపోయింది. ఆ కారు ఏం పాపం చేసింది? తుప్పు పట్టిపోతోంది, కాస్త చుక్కలు పెట్టండి."

ఆయన పెట్టె తెరిచాడు. నీలం రంగు సీసా తీసి, వెలుతురులో పట్టుకుని, చెవి దగ్గర ఆడించి చూశాడు. గడ్డకట్టలేదు. మూత బిగించి మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

"వదిన పిలవనీ," అన్నాడు. "అప్పుడు పెడతాను."

 ఆవిడ పెట్టె ఎత్తి అటక మీద కాకుండా, చేతికి అందేలా, గూట్లో పెట్టింది. రేపు ఇంకాస్త ముందే బయల్దేరదామంది.