ఎడమకి లాగే కారు

మొన్న నా కారు స్టీరింగు కాస్త ఎడమకి లాగుతోందని సర్వీసుకిచ్చాను. చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, పని జరగడం అద్దంలోంచి చూడొచ్చన్నారు. కూర్చోలేకపోయాను. లేవడం, అద్దం దాకా వెళ్ళడం, మళ్ళీ కూర్చోవడం. ఈ తిరుగుడు నాది కాదు, మా బావది. కొన్నేళ్ళ కిందట కంచరపాలెంలో ఒక మెకానిక్ షెడ్డు ముందు ఆయన పగలంతా ఇలాగే తిరిగాడు.

బావంటే మా అక్క మొగుడు. జాలరిపేట దగ్గర ఇల్లు, పై వాటాలో నేను. ఆయన పాత కారు నేనెరిగిన నాటినుంచీ ఎడమకే లాగేది. ఆదివారం బీచ్ రోడ్డు మీద చర్చికి వెళ్ళేటప్పుడు సముద్రం ఎడమ పక్కనుంటుంది కాబట్టి సముద్రం లాగుతోందనేవాడు. తిరిగొచ్చేటప్పుడు అది కుడిపక్కకి వస్తుంది కాబట్టి గాలి నెడుతోందనేవాడు. సముద్రం రెండు షిఫ్టులూ చేసేది గానీ కారు మీద మాట పడేది కాదు. బావ మాత్రం స్టీరింగుని ఎప్పుడూ కుడికి గుంజిపట్టుకుని, దాన్నే డ్రైవింగు అనుకునేవాడు.

ఒక ఆదివారం ఆ పట్టు సడలింది. కారు వెళ్ళి రోడ్డు పక్కన చేపలమ్మే ఆవిడ తట్టకి బెత్తెడు దూరంలో ఆగింది. ఆవిడేం కంగారుపడలేదు. "ఏటి బాబూ, సేపలు కొంటావా, తొక్కీసి పోతావా?" అంది. ఎడమ సీట్లో ఉన్న అక్క ఆ చేపల కళ్ళని మరీ దగ్గరగా చూసింది. దిగి, "దీన్ని బాగుసేయించీ వరకు నాను మీ పక్కన కూకోను" అని ఆటో ఎక్కేసింది.

పెళ్ళాం చర్చికి ఒంటరిగా వెళ్ళిందని నలుగురూ అనుకోకూడదని, ఆ తర్వాత ప్రతి ఆదివారం బావ ఖాళీ కారేసుకుని ఆటో వెనకాలే వెళ్ళేవాడు. ఒకరోజు ఆటోవాడు అద్దంలో చూసి, "ఏటమ్మా, ఎనకాల కారోడు మనల్నే ఎంటాడతన్నాడు?" అన్నాట్ట. "మా ఆయనేలే, పోనీ" అందిట అక్క. చర్చంతా నవ్వుకుంది. బావ నవ్వలేదు. ఆ ఖాళీ సీటు ఆయన్ని బాగానే పొడుస్తున్నట్టుంది, శనివారం పొద్దున్నే నన్ను లేపి ఆ కంచరపాలెం షెడ్డుకి లాక్కెళ్ళాడు.

షెడ్డు మేస్త్రి కారు ముందు చక్రం పట్టుకుని ఊపితే కదిలే పన్నులా ఆడింది. చక్రాన్ని స్టీరింగుతో కలిపే కీళ్ళు అరిగిపోయాయన్నాడు. "సముద్రం గాలికేమో" అన్నాడు బావ, ఆఖరి ప్రయత్నంగా. మేస్త్రి కారు కిందకి దూరాడు. ఇక బావ నిలవలేదు. టీ తాగాడు, ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకునే ఇంకో టీ చెప్పాడు, షెడ్డు ఎదుటి పట్టాల మీద ఏ రైలు పోయినా దాని తప్పే అన్నట్టు చూశాడు. "అయిపోద్దంటావా? రేపు ఆదివారం" అని నన్నడిగాడు. నాకు స్టీరింగుల గురించి తెలిసినది ఆయనకంటే తక్కువ. "అయిపోద్ది బావా" అన్నాను. సాయంత్రానికి అయిపోయింది. బాగైన కారుని తను నడిపే తొలి ప్రయాణం అక్కతోనే అని, ఇంటికి నా చేతే నడిపించాడు. కారు దారం పట్టినట్టు తిన్నగా వచ్చింది.

మర్నాడు అక్క ఎక్కింది. వెనక సీట్లో నేను. బావ అలవాటుగా కుడికి గుంజాడు. ఈసారి కారు మాట విని డివైడరు మీదికి పోయింది. హడలిపోయి ఎడమకి తిప్పితే అటూ పోయింది. "బాగుసేయించి మరీ తిప్పతన్నారేటండి?" అంది అక్క. బావ రోడ్డు పక్కన ఆపేసి, తన చేతులు తనవి కానట్టు చూసుకున్నాడు. అక్క చెయ్యి డోరు మీదికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఒక ఆటో పక్కన ఆగి, "ఒత్తారేటమ్మా?" అని పిలిచింది.

అక్క ఆటోని చూసింది, ఏళ్ళ తరబడి కుడికి గుంజిన మొగుడి ముంజేతిని చూసింది. "నువ్వెల్లు బాబూ" అని, బావతో మెల్లిగా, "గుంజకండి. ఇప్పుడది లాగట్లేదు కదా. ఒదిలీండి, అదే ఎల్తాది" అంది.

వెళ్ళింది. చాలా నెమ్మదిగా, సైకిళ్ళు దాటిపోతుండగా వెళ్ళింది. అప్పుడు కనిపెట్టాను: కారు తిన్నగా పోతోంది, పాత ఎడమ లాగుడుకి అలవాటుపడి అక్కా బావా ఇద్దరూ కుడికి ఒరిగి కూర్చున్నారు. ఆ కారెక్కీ ఎక్కీ వెనక నేనూ అంతే. ఆ ఒరుగు మాలోంచి ఎప్పుడు పోయిందో ముగ్గురిలో ఎవరం గమనించలేదు. కీళ్ళు అరగడమూ అంతే కదా. కాలం ఏ పనీ మనకి చెప్పి చెయ్యదు.